విక్రాంత్ మీద లేచిన ఆవిరి

హలో... హలో, వినబడుతోందా అండీ? నేనండీ, ఆటోనగర్ రేడియేటర్ల నాగబాబుని. ఎండల్లో లారీ ఇంజను మరిగిపోతే ఏం చెయ్యాలో చెప్పిన వీడియో చూసి చాలామంది ఫోన్లు చేశారు, సంతోషం. ఇవాళ రేడియేటర్ల సంగతి కాదు. మా ఇంటి సంగతి. వీడియోలోనే చెబుదామని మొదలుపెట్టి రెండుసార్లు మధ్యలోనే ఆపేశాను. అందుకని రాస్తున్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

మొన్న వేసవిలో సరిహద్దు దగ్గర గొడవై టీవీల నిండా యుద్ధం మాటలే నడిచాయి, గుర్తుందా? అప్పుడండీ ఇది మొదలైంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాను. మా ఇల్లు గుణదలలో. అమ్మ గడపలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. ఆవిడ పేరు కొండలమ్మ. ఒకప్పుడు గుణదల వీధుల్లో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి. ఇప్పుడు రొయ్యని చూసి వలవదు, తడిమి వలుస్తుంది. కళ్ళలో నీటికాసులు. లోపల నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ డాక్టరమ్మ అన్నది.

మా ఆవిడ గంగాదేవి నాకు కంచం పెట్టి టీవీ పెట్టింది. తెర మీద నలుపూ తెలుపూ బొమ్మ. బూడిదరంగు సముద్రం. దాని మీద పెద్ద ఓడ, పైన మైదానమంత చదును, డెక్ అంటారట. రెక్కలు పైకి మడిచిన విమానాలు, పీతలు డెక్కలెత్తి నిలబడినట్టు. నిక్కర్లు వేసుకున్న మనుషులు గాలికి వంగి పరుగులు పెడుతున్నారు. ఒకతను జెండా కిందికి దించాడు. విమానం ఒక్క ఊపున కదిలి ఓడ అంచు దాటి, అయ్యో పడిపోయింది అనుకునేంతలో పైకి లేచింది. అది కదిలిన చోట చెక్కకి చీలిక పడినట్టు పొడుగ్గా తెల్లటి ఆవిరి లేచి పోయింది. పక్కన టీవీ అమ్మాయి గట్టిగా అరుస్తోంది, డెబ్భై ఒకటిలో మన విక్రాంత్ అని.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా! విక్రాంతంట! నాన్న ఓడ!"

రొయ్య వలుస్తున్న అమ్మ చెయ్యి ఆగింది.

మా నాన్న కాశీరావు నేవీలో చేశారండి. యుద్ధం నాటికి విక్రాంత్ మీద ఉన్నారు, నేను అమ్మ కడుపులో ఉన్నాను. తర్వాత పని చాలించుకుని ఊరికొచ్చేశారు. మా ఊరు నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చిన రోజున అమ్మా నేనూ అవనిగడ్డలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాం. అందుకని మిగిలాం. నాన్న లేరు, ఇల్లు లేదు, ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో కూడా లేదు. అప్పటికి నాకు ఐదేళ్ళు. బీడీ వాసన, నన్ను ఎక్కించుకున్న భుజం, అంతే నాకు తెలిసిన నాన్న. మొహం తెలీదు. పెళ్ళికి దండం పెడదామన్నా గోడ మీద ఎవరూ లేరు.

అమ్మని ఎన్నోసార్లు అడిగాను, నాన్న ఎలా ఉండేవారని. ఆవిడ ఎప్పుడూ ఒకటే చెప్పేది.

"సముద్రం మీదకి పోయినోడు ఎండకి కాలిపోయి రావాల. మీ నాన్నేందో సెలవకొచ్చినప్పుడల్లా తెల్లబడి వచ్చేవోడు. ఊళ్ళో ఆడాళ్ళు నవ్వేవోళ్ళు, ఓడలో పెళ్ళికూతుర్ని చేసి కూకోబెట్టారా ఏందని. ఏం పని చేస్తావయ్యా అంటే, ఓడ తోల్తన్నా అనేవోడు. పెద్ద కోతలరాయుడు."

మా అమ్మాయి పద్మశ్రీ గవర్నర్‌పేటలో కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. సాయంత్రం అది రాగానే సంగతి చెప్పాను. ఫోనులో వెతికి, టీవీలో వేసింది ముక్కేననీ, అసలు ఫిల్ము అరగంట పైన ఉందనీ పట్టుకుంది. ఎవరో పాత యుద్ధం రీళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టారట. మాటలు లేవు, పాట లేదు. ఒట్టి బొమ్మ. ఫోనులోంచి టీవీ మీదికి పెట్టింది.

"నాన్నా, ఇందులో మనుషులు చీమల్లా ఉన్నారు. తాతయ్య ఉన్నా ఎలా తెలుస్తుంది?"

"నానమ్మకి తెలుస్తుందే" అన్నాను.

నా నమ్మకానికి కారణం ఉందండీ. మా ఒడ్డున నావలు తిరిగొచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఇసక మీద నిలబడి చూస్తారు. నావ ఇంకా గవ్వంత ఉండగానే, అదుగో ముందు మా ఆయన, వెనక మీ మరిది అని చెప్పేస్తారు. మొహాలు కనపడవు. నిలబడే తీరు. ఒకడు ఎడమ కాలు ముందుకేస్తాడు, ఒకడు నడుం మీద చెయ్యేస్తాడు. అలా చూసిన కళ్ళు మా అమ్మవి. కాకపోతే ఆ కళ్ళే పోతున్నాయి. అవి పోయేలోగా ఈ ఫిల్ములో నాన్నని చూపించగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. ఇప్పుడు కాకపోతే నాన్న మొహం నాకు ఇక లేనట్టే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సీరియళ్ళు బంద్. పొద్దున్న విక్రాంత్, సాయంత్రం విక్రాంత్. విమానం వచ్చి దిగడం, దాని తోక కింద కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగకి తగులుకోవడం చూసి గంగాదేవి కూడా రుచి మరిగింది.

"అచ్చం గేలానికి చేప పడ్డట్టే ఉంది కదత్తయ్యా! ఇదుగో, ఇంకోటి పడింది!"

"ఓడ గాలికి ఎదురు పెట్టారు" అనేది అమ్మ. "చూడు, బట్టలన్నీ ఎనక్కే కొడతన్నాయి."

అంతవరకే. నాన్న మాటెత్తితే తల అడ్డంగా ఊపేది. "ఈడు కాదు. ఆడు కాదు. ఆపు కాసేపు, కళ్ళు లాగతన్నాయ్."

నాకు ఒక్కోసారి విసుగొచ్చేది. ఇంకొంచెం దగ్గరికి జరగమ్మా అనేవాణ్ణి. ఆవిడ జరిగేది. టీవీకి జానెడు దూరంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, గొట్టంలోంచి చూసినట్టు తల అటూ ఇటూ తిప్పుతూ చూసేది.

జూన్ మొదట్లో మళ్ళీ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈసారి డాక్టరమ్మ చుక్కలు కూడా మార్చలేదు. భుజం తట్టి, జాగ్రత్తగా చూసుకోండి అన్నది. ఆటో ఎక్కాం. ఏలూరు రోడ్డు మీద అమ్మే అడిగింది.

"ఒరే అబ్బాయ్, ఆ సినిమా ఇయ్యాల పెట్టవా?"

ఇంటికి రాగానే పెట్టాం. డెక్ మీద విమానం చక్రాలకి అడ్డుపెట్టిన చెక్క దిమ్మల్ని తీసే మనుషులు కనబడ్డారు. ఒకతను ఒంగి, తాడుతో దిమ్మ లాగేసి, ఒక చెయ్యి నెత్తిన టోపీ మీద అదిమి పట్టుకుని పక్కకి పరుగెత్తుతాడు. కుడి భుజం కొంచెం కిందికి వాలుతుంది. ఆగి, ఎడమ కాలు ముందుకేసి నిలబడతాడు. ఇదుగో టోపీ ఆయన వచ్చాడు అంది గంగాదేవి.

"ఆపు" అంది అమ్మ. "ఇడుగో. ఈయనే."

చెయ్యి చాచింది. వేలు ముందు టీవీ పక్క గోడకి తగిలింది, తర్వాత తెర మీదికి వచ్చింది. అప్పుడు నాకు అదేం పట్టలేదు. నేను చూస్తున్నది వేలిని కాదు. వేలి కిందున్న ఆయన్ని.

"నిజంగా నాన్నేనామ్మా?"

"నిలబడ్డ తీరు కనపట్టంలా? నన్నడుగుతావేంది."

పద్మశ్రీ ఏడ్చేసింది. గంగాదేవి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. నేను బయటికెళ్ళి బండి ఎక్కి, ఎక్కడికి పోవాలో తెలీక మళ్ళీ దిగాను.

మర్నాడు అఫ్రాజ్ దగ్గరికి వెళ్ళాను. మా షాపు పక్కన వెల్డింగ్ చేసే బడే మియా కొడుకు. పెళ్ళి వీడియోలు కలిపే కుర్రాడు, కంప్యూటరుతో ఏదంటే అది చేస్తాడు. ఫిల్ములోంచి ఆ ముక్క తీసి పెద్దది చేశాడు. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, అందులో కళ్ళ దగ్గర రెండు నీడలు.

"ఇది ఇలాగే ఉంటుందన్నా. ఏఐలో పెడితే మొహం తయారవుతుంది. పెట్టమంటారా?"

"పెట్టు."

కాసేపటికి ఒక మనిషి వచ్చాడు. మెరిసే కళ్ళు, నున్నటి బుగ్గలు. స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"మీసం ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"అదేందిరా, ఉంటే ఉండాలి, లేకపోతే లేదు. నన్నడుగుతావేం?"

"కంప్యూటరుకి మాత్రం ఏం తెలుసన్నా, మనమే చెప్పాలి. ఎందుకైనా మంచిది, మీ మీసం లాంటిదే పెట్టేస్తా."

పెట్టాడు. బాగుంది. నాకంటే ఇరవై ఐదేళ్ళు చిన్నవాడు మా నాన్న. ఫ్రేము కట్టించి, దండ వేసి, టీవీ పైన మేకు కొట్టి తగిలించాను. ఫోనులో పెట్టాను కూడా, "యాభై ఏళ్ళకి మా నాన్న కాశీరావు దొరికారు" అని. మీలో చాలామంది దండాలు పెట్టారు, గుర్తుండే ఉంటుంది. నాగాయలంక నుంచి చుట్టాలు వచ్చి, చేపల పులుసు తిని, ఫొటో ముందు నిలబడి నా మొహంతో పోల్చుకుని, ముక్కు అచ్చు గుద్దినట్టు దిగిందని చెప్పి వెళ్ళారు. ఆ మాట అన్నప్పుడల్లా నేను ముక్కు తడుముకునేవాణ్ణి.

అమ్మ మాత్రం ఫ్రేము దగ్గరికి రాలేదు. చూపు బొత్తిగా ఆనడం లేదు కదా, అందుకని అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఫోనొచ్చింది. మార్త అనే ఆవిడ. వాళ్ళదీ గుణదలే, మేరీమాత కొండ వైపు.

"అన్నయ్యగారూ, మీరు పెట్టిన ఫొటో మా నాన్నగారికి చూపించానండీ. ఆయనా విక్రాంత్‌లో చేశారు. కాశీరావు అంటే నాగాయలంక కాశీరావేనా అని పొద్దుట్నించీ ఒకటే గొడవ. తీసుకురమ్మంటారా?"

తీసుకొచ్చింది. లాజరు గారు. సన్నగా, కర్ర పట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో. గడప దగ్గరే ఆగి, "కాశీ కొడుకువా?" అని నా మొహం చాలాసేపు చూశారు. కుర్చీలో కూర్చోబెట్టాం. అమ్మ ఆ వేళకి పక్కింట్లో ఉంది. గంగాదేవి టీ ఇచ్చింది. నేను గర్వంగా ఫ్రేము చూపించాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఎవరు బాబూ ఈయన?"

"నాన్నండీ."

ఆయన టీ పక్కన పెట్టారు. అసలు ఫిల్ము ఉందా అని అడిగారు. పెట్టాను. దిమ్మలు తీసే మనిషి వచ్చినప్పుడు ఆపి, ఈయనేనండీ అన్నాను.

"ఈయనెవరో నాకు తెలీదు. పైవాళ్ళు ఈళ్ళంతా. మేం పైవాళ్ళం కాదు బాబూ. నేనూ మీ నాన్నా కింద."

"కిందంటే?"

"ఓడ కడుపులో. బాయిలర్లు. ఈ ఫిల్ములో ఎంత ఎతికినా మేం దొరకం. కెమెరా అక్కడికి రాలేదుగా."

నాకు వెంటనే ఎక్కలేదండీ. మా నావకి పైనే కానీ కిందంటూ ఏముంది? సముద్రం మీద పని అంటే గాలిలో, ఎండలో, నలుగురికీ కనబడేట్టు నిలబడి చేసేదే. మా ఇంటిల్లిపాదీ వేసవంతా ఓడ పైనే వెతికాం. ఓడకి కింద కూడా మనుషులుంటారని ఒక్కళ్ళకీ తట్టలేదు.

"ఎండ మొహం ఎరిగేవోళ్ళం కాదు" అన్నారు లాజరు గారు. "సెలవుకి ఇంటికెళ్తే మా అమ్మ నాకు కామెర్లొచ్చాయని పసరు మందు పోయించింది."

గంగాదేవి నా వైపు చూసింది. తెల్లబడి వచ్చేవోడు.

నేను ఫిల్ము ఆపబోయాను. ఆయన వద్దని చెయ్యి ఊపారు. తెర మీద జెండా దిగింది, విమానం కదిలింది, డెక్ చీలికలోంచి తెల్లటి ఆవిరి పొడుగ్గా లేచింది.

"అదుగో" అన్నారాయన. "అది మేమే."

"ఏదండీ?"

"ఆ ఆవిరి. విమానాన్ని విసిరేది అదే కదా. ఓడని తోలేదీ అదే. కింద మేం నీళ్ళు కాస్తే పైకొచ్చేది. పైన ఏం జరుగుతోందో మాకు కనపడదు. నెత్తి మీద దబ్బుమని ఒక దెబ్బ వినపడేది. ఒకటి ఎళ్ళిందని లెక్క. మీ నాన్న దెబ్బ పడ్డప్పుడల్లా చేతిలో పని ఆపకుండానే, 'పోయిరా తల్లీ' అనేవోడు. ఒకటి ఎళ్ళినా అనేవోడు, పది ఎళ్ళినా అనేవోడు. మేం ఎక్కిరించేవోళ్ళం. తర్వాత తర్వాత మాక్కూడా అలవాటైంది. నేను కిరస్తానీని, నేనూ అన్నా." నవ్వారు. "ఎళ్ళినవి తిరిగొచ్చేదాకా ఆయన నీళ్ళు కూడా తాగేవోడు కాదు."

వెళ్ళేటప్పుడు గడప దగ్గర నా ముంజేతి మీద మచ్చలు చూసి ఆగారు.

"ఆవిరా?"

"అవునండీ. రేడియేటర్ మూతలు."

ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి తనవి చూపించి, మళ్ళీ గుండీ పెట్టుకున్నారు. "మూత తిప్పేటప్పుడు మొహం పక్కకి తిప్పుకో బాబూ" అని చెప్పి, కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగారు.

ఆయన వెళ్ళాక నేను ఆ ఫ్రేము కింద కూర్చున్నాను. ముక్కు అచ్చు గుద్దినట్టు దిగిన మనిషి నా నెత్తి మీద నవ్వుతున్నాడు. అమ్మకి చెప్పాలా వద్దా? యాభై ఏళ్ళకి మొగుణ్ణి చూసుకున్నానన్న సంతోషంతో కళ్ళు మూసుకుపోతున్న మనిషికి, అది ఆయన కాదమ్మా అని ఎలా చెప్పడం? గంగాదేవి చెప్పొద్దంది. ఫోను చేస్తే పద్మశ్రీ చెప్పమంది.

అమ్మ గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఎవరో వచ్చెళ్ళారంటగా?"

"నాన్నతో పని చేసినాయనమ్మా." తల ఎత్తి ఫ్రేము వైపు చూశాను. "అమ్మా, ఆ ఫొటోలో ఆయన..."

"మీ నాన్న కాదులే" అంది ఆవిడ.

నేను ఆవిడ వైపు తిరిగాను.

"నీకు తెలుసా?"

"నాకు ఆ రోజుకే ఆ టీవీ అంతా బూడిదరా అబ్బాయ్. ఏందో కదలతందని తెలిసేది, అంతే. గంగాదేవి అంతకుముందెప్పుడో అన్లా, ఒకడు టోపీ పట్టుకు పరిగెత్తి కాలు ముందుకేసి నిలబడతన్నాడని? అది గుర్తెట్టుకున్నా. మళ్ళీ ఇదుగో టోపీ ఆయన వచ్చాడని ఇది అనంగానే ఆపమన్నా."

"ఎందుకమ్మా మరి?"

"ఎందుకేంది? నా కళ్ళు పోయాక ఎవర్ని అడుగుతావ్?" అమ్మ చీర కొంగు మోకాళ్ళ మీద సర్దుకుంది. "చిన్నప్పట్నించీ అడగతానే ఉన్నావ్. ఎవరో ఒకరు ఉంటార్లే గోడ మీద అనుకున్నా."

నాకు కోపం రాలేదండీ. వస్తుందనుకున్నాను, రాలేదు. లేచి ఫిల్ము పెట్టాను. అమ్మ పక్కనే మంచం మీద కూర్చున్నాను. ఆవిడకి తెర కనబడదు, ఫిల్ముకి చప్పుడు లేదు. అందుకని నేనే చెప్పడం మొదలుపెట్టాను.

"విమానం తెచ్చి నిలబెట్టారమ్మా. రెక్కలు విప్పుతున్నారు. దిమ్మలు తీసేశారు. జెండా ఆయన చెయ్యెత్తాడు. దించాడు. వెళ్ళింది. ఆవిరి లేచిందమ్మా, తెల్లగా, డెక్ అంతా. నాన్న కింద ఉన్నారంట. బాయిలర్ల దగ్గర. ఆ ఆవిరి నాన్నదంట."

అమ్మ మొహం తెర వైపే ఉంది. పెదాలు మాత్రం కదిలాయి.

"పోయిరా తల్లీ" అంది.

లాజరు గారు చెప్పిన ఆ మాట నేను ఆవిడకి చెప్పలేదు. గంగాదేవీ చెప్పలేదు, పద్మశ్రీ అప్పుడు ఇంట్లోనే లేదు.

"ఏంటమ్మా అన్నావ్?"

"మీ నాన్న నావని నీళ్ళలోకి తోసినప్పుడల్లా అనేవోడ్లే. ఏందో నోటికొచ్చింది. ఇంకోటి ఎళ్తందా? చెప్పు, చెప్పు."

చెప్పాను. అది ఆగేదాకా చెప్తూనే ఉన్నాను. ప్రతి ఆవిరికీ అమ్మ అన్నది.

ఇప్పుడు అమ్మకి పగలూ రాత్రీ ఒకటే. లాజరు గారు ఆదివారాలు ప్రార్థన అయ్యాక వస్తారు. ఇద్దరూ మంచం మీద చెరో పక్కనా కూర్చుంటారు, నేను ఫిల్ము చెప్తాను, మధ్యలో ఆయన కింద ఏం జరుగుతుందో చెప్తారు. పైది నేను, కిందది ఆయన. నాన్న బాగా పాడేవారట. అది అమ్మ కూడా నాకెప్పుడూ చెప్పలేదు.

ఇక ఫ్రేము సంగతి. తీసేద్దామని మేకు దగ్గరికి వెళ్ళేసరికి గంగాదేవి వెనక నుంచి కేక పెట్టింది.

"ఏవండీ, ముందు ఆ దండ తియ్యండి! ఆ మహానుభావుడు ఎక్కడో బతికే ఉన్నాడేమో!"

దండ తీశాను. అఫ్రాజ్ చేసిన ఆ నున్నటి మొహం కూడా తీసేశాను. ఫిల్ములో ఉన్న బొమ్మ ఉన్నట్టుగా, మచ్చ మచ్చగానే, మళ్ళీ తీయించి అదే ఫ్రేములో పెట్టాను. మేకు మీదే ఉంచాను. వేసవంతా మా ఇంట్లో నాన్నగా ఉన్న మనిషి, ఎక్కడికని పంపుతాం?

అయినా ఆయన మావాడు కాదు కదండీ. ఎవరింటి వాడో. వాళ్ళింట్లో కూడా ఫొటో ఉందో లేదో. ఏ ఊళ్ళోనో ఒక కొడుకో కూతురో మా నాన్న ఎలా ఉండేవాడని అడుగుతూ ఉండొచ్చు. అందుకే ఇదంతా రాసింది. దయచేసి దీన్ని మీ గ్రూపుల్లో పంపండి, మచిలీపట్నం నుంచి విశాఖ దాకా, ఆ పైకి కూడా. ఆ బొమ్మ కింద పెడుతున్నాను. గుర్తులు చెప్తున్నా రాసుకోండి. పరుగెత్తేటప్పుడు చెయ్యి టోపీ మీద ఉంటుంది, కుడి భుజం వాలుతుంది, ఆగితే ఎడమ కాలు ముందుకేస్తాడు. మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ముందు ఆవిడకి చూపించండి. చూపు ఉండగానే చూపించండి. ఈయనే అంటే, ఆటోనగర్ వచ్చి రేడియేటర్ల నాగబాబు అని అడగండి, ఎవరైనా చెప్తారు. ఫ్రేముతో సహా ఇచ్చేస్తాను.